తబితా ఎంచుకున్న నెమ్మది బోర్డు

కలకత్తా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపులో సీట్లకి రెగ్జిన్ కుట్టే తబితాకి నలభై ఏడేళ్లు. ఆ వయసులో మనం నాలుగు మెట్లెక్కితే మోకాళ్లు పట్టుకుంటాం. ఆవిడ మాత్రం ఆదివారం చర్చి అవగానే గంగ మీద బోర్డేసుకుని, దాని మీద నిలబడి, తెడ్డేసుకుంటూ పోతుంది. పుట్టింది భీమిలి జాలరిపేటలో. ఇంక భయం ఎక్కడుంటాది చెప్పండి!

అలాంటి మనిషికి నిరుడు పరువు పోయింది. విశాఖ నుంచి భీమిలి దాకా గాలివాటున, వెనకనుంచి వచ్చే కెరటాల మీద జారుకుంటూ పోయే పందెం అది. పదకొండుసార్లు పడి, సగం దారిలో వెనకే వచ్చే తోడుపడవ ఎక్కేసింది. సొంతూరోళ్లంతా చూస్తుండగా పడవలోంచి దిగాల్సొచ్చింది పాపం. ఈసారీ పడవెక్కితే మళ్లీ తెడ్డు ముట్టనని మొగుడు సత్యరాజు దగ్గర ఒట్టేసింది.

ఈ ఏడు పందేనికి, ఆవిడ తెడ్డేసే క్లబ్బువాళ్లు రెండు బోర్డులు చూపించి ఒకటి తీసుకోమన్నారు. ఎర్రది సన్నగా, తిన్నగా ఉంది. తెల్లది కాస్త వెడల్పు, ముక్కు పైకి లేచి ఉంది. కోచ్ జయదేవ్ మెళ్లో వేలాడే స్టాప్‌వాచ్ గడియారం పట్టుకుని, రెండింటి మీదా ఆవిణ్ణి గంగలో పోనిచ్చేడు. ఎర్రది ఏకంగా రెండు నిమిషాలు ముందొచ్చింది.

“ఇంకా ఆలోచనేంటి దిదీ? ఎర్రదే తీసుకోండి!” అన్నాడు.

నిరుడు కూడా ఆ గడియారం మాటే విని అలాంటిదే పట్టుకెళ్లింది తబితా. “ఉండు దాదా” అని, హౌరా రేవు నుంచి లాంచీ బయల్దేరేదాకా కాచుకుంది. లాంచీ రేపిన అలలు వెనకనుంచి తగిలేలా ఎర్రదాని మీద నిలబడింది. రెండో అలకే బోర్డు ముక్కు నీళ్లలో దూరిపోయింది, ఆవిడ బుడుంగున మునిగింది. నీళ్లు ఉమ్ముకుంటూ లేచి, ఇంకో లాంచీ వచ్చేసరికి తెల్లదెక్కింది. అల వెనకనుంచి ఎత్తినా ముక్కు పైకే ఉంది. బోర్డు దానంతటదే జారుకుపోయింది.

“ఓలమ్మ! మా అయ్య తెప్పకీ ముక్కు ఇలాగే లేచుండేది. జాలరి కడుపున పుట్టి, సముద్రానికెళ్లే బోర్డుని కెరటాల్లేని నదిలో ఎంచుతానా? నా బుర్ర తగలెయ్య!” అని నెత్తి మీద మొట్టుకుంది.

“దీంతో అందరికన్నా ఆఖర్న వస్తారు దిదీ.”

“రానీ దాదా. నిలబడి వస్తాను.”

మే నెలలో పందెం. జయదేవ్ తోడుపడవలో వెనకే వచ్చేడు. నిరుడు ఆవిడ చేతులెత్తేసిన చోటే ఓ పెద్ద కెరటం లేచింది. జయదేవ్ కంగారుగా చెయ్యందించబోయేడు. తబితా అటు చూడలేదు. మోకాళ్లు వంచి, ఒక్కడుగు వెనక్కేసింది. ముక్కు మునగలేదు. ఆ కెరటం వదిలితే ఇంకోటి ఎత్తుకుంది. ఎంత బాగుందో ఆ పోవడం!

అందరికన్నా ఆఖర్నే వచ్చింది. నిలబడే వచ్చింది. భీమిలి ఒడ్డంతా ఈలలే.

“టైమెంత దాదా?” అంది రొప్పుతూ.

జయదేవ్ మెళ్లో గడియారం చూసుకుని నాలిక్కరుచుకున్నాడు. ఈలలెయ్యడంలో పడి దాన్ని ఆపనే లేదు.