మొగని ఫోనుకు పోయిన కోర్టు

లాక్‌డౌన్ల రోడ్డు మీదికొస్తే పోలీసులు కొట్టిండ్రు. ఇంట్లనే ఉన్న నా మనవరాలిని దాని మొగడు కొట్టిండు. కంపెనీ బందయ్యి మేడ్చల్‌ల ఒక్క అర్రల కూసున్నడాయె, చేతులకు ఇంకేం పనుంటది పాపం!

ఒకనాడు పొద్దున్నే అది కూరగాయల ఆటో ఎక్కి శామీర్‌పేటల నా ఇంటికొచ్చింది. సర్కారు పెట్టుకోమన్న మాస్కు మంచిగ పనికొచ్చింది. పగిలిన పెదవి దారిల ఎవరికీ కనవడలే.

వాడు దాని జోలికి రావొద్దని మహిళా సంక్షేమ ఆఫీసు మేడంతోని కోర్టుకు అర్జీ రాయించినం. అండ్ల ఫోన్ నంబర్ కావాలన్నరు. దీనికి ఫోనేది? "ఒక్క ఇంటికి రెండు ఫోన్లెందుకే, దండగ" అని పెండ్లప్పుడు చెప్పిన తెలివిగల్లదాన్ని నేనే. దానికి నోటికొచ్చింది మొగని నంబరొక్కటే. అదే చెప్పింది.

కోర్టుకు తాళం. విచారణ ఫోన్లనే, మొఖం కనవడేటట్టు. పిలుస్తరని మేము గడప మీద కూసున్నం. పిలిచిండ్రు, వాన్ని. మూడోనాడు వాడే బండేసుకొని వచ్చి గేటు కాడ నిలవడ్డడు.

"మీ కోర్టు నాకు ఫోన్ చేసింది అవ్వా. నా పెండ్లాం వాళ్లవ్వను చూడవోయింది, మంచిగున్నదని చెప్పిన. మస్తు మర్యాదగ మాట్లాడిండ్రు. ఇగ పంపుతవా?"

ఆ విచారణకు తలకు నూనె పెట్టి దువ్వుకొని కూసున్నడట గూడ.

"పంపను, పో" అన్న. తెల్లారి ఆఫీసుకు పోయి నంబర్ మార్పిచ్చిన. పక్కింట్ల చేపలమ్మే ఆమెది. వాయిదా నాడు వాళ్లింట్ల చేపల తట్ట పక్కనే కూసున్నం. జడ్జి సారు కనవడ్డడు.

"అమ్మా, మీ పక్కన ఎవరన్నా ఉన్నరా?"

"మా అవ్వ ఉన్నది సార్."

"ఆమెను బయటికి పంపు. నువ్వు భయం లేకుండ చెప్పాలె."

దాని మొగనితోని మాట్లాడినప్పుడు కోర్టుకు యాదికి రాని భయం, నన్ను చూడంగనే యాదికొచ్చింది! లేచి తలుపు అవతల నిలవడ్డ. లోపలి నుంచి దాని గొంతు ఇనవడ్డది, "మాస్కు తీస్తున్న సార్, చూడుండ్రి" అని. పెదవి అప్పటికే మానింది. మచ్చ మిగిలింది.

ఇంటికొచ్చి దానికొక పాత ఫోన్ కొనిచ్చిన. ఆ నంబరే కోర్టుకిచ్చినం. వారానికి ఆర్డర్ దానికే వచ్చింది, వాడు ఈ ఇంటి దిక్కు రావొద్దని. ఆ మాపే వాడు వచ్చిండు. మనవరాలు గేటు తీయలే. గేటు కమ్మీల సందుల నుంచి ఫోన్ చూపెట్టింది.

"చదువుకో. ఈసారి నాకొచ్చింది."

వాడు చదివిండు. బండి తిప్పుకొని పోయిండు.

లోపలికొచ్చి అది ఫోన్‌ను మళ్ల చార్జింగుకు పెట్టింది. కరెంటు కాలుతాందని పీకబోయిన.

"ఉండనియ్ అవ్వా" అన్నది.

ఉండనిచ్చిన.