మినోబె గారి తిట్ల చీటీలు

మినోబె గారు ఒక కొత్త రికార్డును మెచ్చుకోగా విన్నవాళ్లు ఒసాకా నగరంలో లేరు. అరవై ఒక్కేళ్ల మనిషి. ముప్ఫై అయిదేళ్లుగా ఒక నేలమాళిగ క్లబ్బులో శనివారం శనివారం డీజేగా జనాన్ని గంతులేయిస్తున్నారు. అక్కడ ఆయన వేసే ప్రతి రికార్డూ అంతకుముందే ఆయన చేత తిట్లు తిన్నదే.

ఆ తిట్టే కార్యక్రమం జరిగేది ఒకియో చిజురు నడిపే రికార్డుల దుకాణంలో. పెద్ద కంపెనీల గడప తొక్కని టెక్నో సంగీతం మాత్రమే అక్కడ దొరుకుతుంది. ఎవరో ఉద్యోగం చేసుకుంటూ, వంటింటి బల్ల మీద పాట కట్టి, ఓ రెండు వందల రికార్డులు అచ్చు వేయించుకున్న సరుకన్నమాట. బుధవారం పొద్దున చిజురు పెట్టెలు విప్పేసరికి మినోబె గారు హాజరు. కుడి బూటు విప్పి, మేజోడు పాదాన్ని స్పీకరుకి ఆనించి వింటారు. పాట అడుగున దడదడలాడే బేస్ చెవికి అబద్ధం చెప్పగలదు గానీ అరికాలికి చెప్పలేదని ఆయన సిద్ధాంతం. విన్నాక అరచేయంత చీటీ మీద తన అభిప్రాయం రాసి రికార్డు అట్టకి అంటిస్తారు.

‘మొదటి మూడు నిమిషాలూ లిఫ్టు కోసం ఎదురుచూస్తాం. ఆ తర్వాత కూడా లిఫ్టు రాదు.’

‘ఇతనికి ఇరుగుపొరుగు ఉన్నట్టు లేరు. ఉంటే బేస్ ఇలా పెట్టనిచ్చేవారు కాదు.’

‘ఈ డ్రమ్ము ఏమీ తినకుండా వచ్చింది. వింటుంటే మనకి నీరసం.’

విదేశాల్లో పేరు మోసినవాళ్ల రికార్డులకి మాత్రం చీటీ ఉండదు. వాళ్ల సంగతి చూసుకోవడానికి వాళ్ల మనుషులున్నారంటారాయన.

“ఇంత చెడ్డదైతే మొన్న శనివారం రెండుసార్లు ఎందుకు వేశారండీ?” అని చిజురు ఒకసారి నిలదీసింది.

“ఎంత చెడ్డదో జనానికి తెలియొద్దూ?” అన్నారాయన బూటు తొడుక్కుంటూ.

ఇలా సాగుతుండగా ఏప్రిల్లో సొమెయా రిట్సు వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, కట్టుడు పళ్లు తయారుచేసే చోట పనిచేస్తుంది. పని నుంచి వచ్చాక కూర్చుని నాలుగేళ్లపాటు కట్టిన మొదటి రికార్డు తన చేతిలో ఉంది. ముప్ఫై ప్రతులు దుకాణంలో పెట్టి, చిజురుకి మూడుసార్లు వంగి దండం పెట్టి వెళ్లింది. రెండు బుధవారాలు దాటాక, భోజనాల వేళ ఆదరాబాదరాగా వచ్చి చూసుకుంటే అట్ట మీద చీటీ.

‘ఎనిమిది నిమిషాలు పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టారు. మత్తు సూది కూడా ఇవ్వలేదు.’

రిట్సు చెవులు ఎర్రబడ్డాయి. రికార్డులు సంచిలోకి సర్దబోయింది. చిజురు ఊరుకోలేదు. ఆమె చేతిలోంచి సంచి లాక్కుని, ఆ చీటీ పీకేసి, తనే కుదురైన అక్షరాలతో ఇంకోటి రాసి అంటించింది. ‘మృదువైన, లోతైన సంగీతం. మనసును తాకుతుంది. తప్పక వినండి.’ రిట్సు కళ్లు తుడుచుకుని పనికి వెళ్లిపోయింది.

మూడు వారాలైనా ఆ రికార్డుల్లో ఒక్కటీ కదల్లేదు. వచ్చినవాళ్లు చిజురు చీటీ చదివి, గుడిలో బోర్డు చదివినట్టు మర్యాదగా తలూపి, పక్క రికార్డు దగ్గరికి జరిగేవారు. అక్కడ మినోబె గారి చీటీ చదివి పకపకా నవ్వి, మరీ ఇంత ఘోరమా, ఏదీ చూద్దామంటూ హెడ్‌ఫోను పెట్టుకునేవారు. పన్నెండేళ్లుగా కళ్లెదుట జరుగుతున్నదే. చిజురు మాత్రం మొదటిసారి చూసింది.

నాలుగో బుధవారం ఆమె ఉడాన్ నూడుల్స్ తిని వచ్చేసరికి తను రాసిన చీటీ మాయం. మినోబె గారి పాత వాక్యమే కొత్త చీటీ మీద, నాలుగు మూలలా టేపు వేసి మరీ అంటించి ఉంది. శనివారం సాయంత్రానికి ఇరవై ఎనిమిది రికార్డులు అమ్ముడుపోయాయి. నవ్వుతూ హెడ్‌ఫోను పెట్టుకున్న ఒకాయన రెండో నిమిషానికి నవ్వు ఆపేసి, అయిపోయేదాకా కదలకుండా నిలబడి, రెండు కొనుక్కుపోయాడు.

చిజురు మర్నాడే ఆయన్ని పట్టుకుంది. మినోబె గారు కాసేపు బూటు లేసుతో కుస్తీ పట్టారు.

“పొగిడితే జనం నమ్మేసి వెళ్లిపోతారమ్మా. తిడితే నమ్మరు, విని చూస్తారు. వినడమే కదా కావలసింది.”

“మరి కట్టినవాళ్ల మనసో?”

ఆయన లేసు వదిలేశారు. ఆ సంగతి తనకి తట్టనేలేదని మెల్లగా ఒప్పుకున్నారు. రిట్సుని ఒకసారి పిలిపించమన్నారు.

రిట్సు వచ్చింది. మినోబె గారు నడుం పట్టేసేంత కిందికి వంగి క్షమాపణ చెప్పుకున్నారు. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. అమ్ముడైన సంగతీ అడగలేదు. ఇన్నాళ్లుగా తనని తొలుస్తున్న ప్రశ్న వేరే ఉంది.

“ఆ పాటలో ఉన్నది పళ్లు అరగదీసే యంత్రం చప్పుడని మీకెలా తెలిసింది? నాలుగింతలు నెమ్మది చేసి పెట్టాను. రోజూ దాంతో పనిచేసే మావాళ్లే పోల్చుకోలేదు.”

“అరికాలికి అనుమానం వచ్చింది. చెవి కాదంది. తప్పు రాయకూడదు కదా అని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి నోట్లో ఆ యంత్రం పెట్టించుకున్నాను.”

చిజురు నోరెళ్లబెట్టింది. పళ్ల డాక్టరు బోర్డు కనిపిస్తే ఎదురు పేవ్‌మెంటు ఎక్కే మనిషి ఈయన. ఇరవై ఏళ్లుగా ఒక పక్కనే నములుతున్నారు.

“మొత్తం ఎన్నిసార్లు విన్నారు?” అంది రిట్సు.

“ఓ ప్రతి ఇంటికి పట్టుకెళ్లాను, నలభై దాటాక లెక్కపెట్టలేదు. తిట్టడానికి ఏమీ దొరక్క చచ్చాను. చివరికి ఆ చప్పుడొక్కటే దొరికింది. పనిలో పనిగా ఆ డాక్టరు ఒక పన్నుకి తొడుగు కూడా వేసేశాడు.”

రిట్సు ఆయన్ని కిటికీ వెలుతురులోకి తిప్పి నోరు తెరవమంది. ఆ తొడుగును అటూ ఇటూ చూసింది. మెత్తని గొంతు మనిషే, అయినా కనుబొమలు ముడిపడ్డాయి.

“ఎవరు చేశారండీ దీన్ని? రంగు కలవలేదు, అంచు కుదర్లేదు. కళ్లు మూసుకుని చేశారా? మా దగ్గర చేరి నెలైనా కానివాళ్లు కూడా ఇంతకంటే నయం.”

ఇంకా చాలా అంది. మినోబె గారు నోరు అలా తెరుచుకునే, చెవులదాకా సాగిన నవ్వుమొహంతో, ఆమె ముగించేదాకా ఒక్కో మాటా శ్రద్ధగా విన్నారు.