పొలిమేర చుట్టూ బండి

ఆ వేసవికి నా పెనిమిటి అరవైకి దగ్గరపడ్డాడు. చెవులు అంతకు ముందే సగం పోయాయి. యుద్ధం రోజుల్లో ఒక దండు నుంచి ఇంకో దండుకు కాగితాలు మోస్తూ మోటారు సైకిలు మీద అడవులన్నీ తిరిగిన మనిషి. యుద్ధం అయిపోయి ఇంటికొచ్చిన వాళ్ళు ఎడ్లో, పొలం చెక్కో కొనుక్కుంటే, ఈయన మిలటరీ వాళ్ళు వేలంలో అమ్మిన పాత మోటారు బండి ఒకటి తెచ్చుకున్నాడు. అది మొదలుపెడితే పక్క వీధిలో పశువులు తాళ్ళు తెంచుకునేవి. ఆయన చెవులు తిన్నది ఆ బండే అని మా అత్త పోయేదాకా తిడుతూనే ఉంది.

ఏటా నూర్పులు అయిపోయి చేలు ఖాళీ పడ్డాక బండి బయటికి తీసేవాడు. బొబ్బిలి నుంచి పార్వతీపురం, పాలకొండ, శ్రీకాకుళం, అరసవల్లిలో దణ్ణం పెట్టుకుని అక్కణ్ణుంచి ఇచ్ఛాపురం దాకా. చుట్టాల ఇళ్ళలో ఆగుతూ, చెట్ల కింద తింటూ పోయేవాళ్ళం. వెనక ఒక పక్కకి కాళ్ళు వేలాడేసి నేను కూర్చునేదాన్ని. ఆయనకు చెవులు నేనే. వెనక నుంచి లారీ వస్తే కుడి భుజం తట్టేదాన్ని. ఆగాలంటే వీపు మీద చరిచేదాన్ని. "నీ సెయ్యి కాదే, రోకలి" అనేవాడు.

ఆ ఏడు ఇచ్ఛాపురంలో మా అక్క మనవరాలి పెళ్ళి. మా వైపు అక్షింతల బియ్యం పుట్టింటి వాళ్ళే పట్టుకెళ్ళాలి. మా కన్నవారింట్లో ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి ఆ పని నా మీద పడింది. బియ్యంలో నెయ్యి రాసి, పసుపూ కుంకుమా బాగా పట్టించి, గుడ్డ సంచిలో పోసి, దాన్ని బండి పక్కన వేలాడే కాన్వాసు తిత్తిలో పెట్టాను.

మొదటి రాత్రి పాలకొండలో మా పిన్ని కొడుకు ఇంట్లో పడుకున్నాం. వేకువనే లేచి బండి తీస్తుంటే ఆ తమ్ముడు గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. మా వైపు అక్కను అప్ప అంటారు.

"అప్పా, ఈ దారంతా అమ్మోరి పండగలు అవతన్నాయి. ఎండెక్కినాక ఎల్లకూడదేటి?"

నేను ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాను. "ఎండెక్కితే టైరు పేల్తాది, నీ తమ్ముడొచ్చి మోస్తాడేటి?" అని బండిని తన్నాడు. అది మొదటి తాపుకే అందుకుంది.

మా వైపు అమ్మవారి పండగ ఎలా జరుగుతుందో తెలియని వాళ్ళకు ఇక్కడ చెప్పాలి. ఆఖరి రోజు తెల్లవారేటప్పుడు దున్నపోతును బలి ఇస్తారు. ఆ నెత్తురు అన్నంలో కలిపి ఊరి పొలిమేర పొడుగునా చల్లుకొస్తారు. దాన్నే పొలి అంటారు. అది చల్లడం పూర్తయ్యేదాకా ఊళ్ళోంచి ఎవరూ బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. పక్క ఊరివాడు దాంట్లో పిడికెడు ఎత్తుకుపోయాడా, ఆ ఏటి పంటా పాడీ వాడి వెంట వాడి ఊరికి పోతాయి. అందుకని కర్రలూ కత్తులూ పట్టుకుని పొలిమేర కాస్తారు. నా చిన్నప్పుడు మా కన్నవారి ఊళ్ళో పొలి ఎత్తుకుపోతున్నాడని ఒకణ్ణి చెరువు నీళ్ళు వదిలే మదుము దగ్గర నరికేశారు. ఆ మనిషి కాళ్ళు తన్నుకోవడం మా నాన్న భుజం మీంచి చూశాను.

పాలకొండ దాటి కొంత దూరం పోయేసరికి తూరుపు ఎరుపెక్కింది. రోడ్డు ఒక ఊరిని ఆనుకుని పోతుంది. ఊరి ఇవతలి కొసన కాపలా వాళ్ళెవరూ కనపడలేదు. బహుశా బలి చూడ్డానికి పోయుంటారు. అవతలి కొసకు వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా వేపమండలు కట్టిన గడ్డితాడు కనపడింది. నేను వీపు మీద చరిచాను. ఆయన బ్రేకు పట్టాడు గానీ ఆ బండి అనుకున్న చోట ఎప్పుడాగింది గనక. తాడు ఆయన ఛాతీకి తగిలి తెగింది. బండి పొలిమేర రాయి దాటి, కల్వర్టు మీద ఆగింది.

"పోతన్నాడ్రా! పొలి పట్టుకు పోతన్నాడు! అడ్డుకోండ్రా!"

చేలకు అడ్డంపడి పరిగెత్తుకొచ్చారు. ఒళ్ళంతా పసుపు, మొహాల మీద నెత్తురు చుక్కలు, రాత్రంతా తాగిన కళ్ళు. అందరి కంటే ముందు వచ్చినవాడు మెడలో వేపదండ వేసుకున్న బలమైన మనిషి. బలి ఇచ్చిన కత్తి ఇంకా వాడి చేతిలోనే ఉంది.

"ఏ ఊరు నీది? సెప్పు! ఏ ఊరోళ్ళు పంపినారు?"

ఆయన నా వైపు తిరిగి, "ఏటంటన్నాడే?" అన్నాడు.

అదే ఆయన చేసిన తప్పు. జవాబు చెప్పకుండా మొహం తిప్పుకున్నాడనుకున్నారు. పక్కనున్నవాడు కర్ర ఎత్తి హేండిలు మీదున్న ఎడమ మణికట్టు మీద కొట్టాడు. పచ్చి కొమ్మ విరిచినట్టు చప్పుడైంది. రెండో దెబ్బ మెడ కింద. బండి మమ్మల్నిద్దర్నీ వేసుకుని పక్కకు పడింది. వేపదండ వాడు కాన్వాసు తిత్తిని కత్తితో చీల్చాడు. పసుపూ కుంకుమా కలిసిన నా అక్షింతల బియ్యం ఎర్రగా రోడ్డు మీద పారింది.

చూసినవాళ్ళకు అది నెత్తుటి అన్నమే. అందరూ ఒక్కసారే అరిచారు.

"అది పెళ్ళి బియ్యం బాబూ! నా మనవరాలి పెళ్ళి!" అని నేనూ అరిచాను. ఎవరు వింటారు? కాళ్ళతో తన్నారు. ఆయన పక్కటెముకల మీద, వీపు మీద, మొహం మీద. ఆయన పొట్టలోకి మోకాళ్ళు ముడుచుకుని, విరిగిన చేతిని కింద దాచుకున్నాడు. నోట్లోంచి నెత్తురు, దాంతో పాటు ఒక పన్ను బయటికొచ్చాయి. నేను ఆయన మీద బోర్లా పడ్డాను. నా నడుం మీద రెండు కర్రలు పడ్డాయి. బండి టాంకులోంచి పెట్రోలు కారుతోంది. ఒకడు కాగడా పట్టుకుని, "బండిని కాల్సీండి! ఆడ్నీ దాంట్లో ఎయ్యండి!" అంటున్నాడు. వేపదండ వాడు నా జుట్టు పట్టి పక్కకు లాగాడు. కత్తి ఆయన మెడ మీదికి వచ్చింది. దాని మీద దున్నపోతు నెత్తురు ఇంకా ఆరలేదు. ఈగలు కూడా దాని వెంటే వచ్చాయి.

అప్పుడు నాకు మదుము దగ్గర తన్నుకున్న కాళ్ళు గుర్తొచ్చాయి. ఆ చంపినవాళ్ళను మా ఊరి పెద్దలు ఏమని తిట్టారో అదీ గుర్తొచ్చింది. పెళ్ళి మాట వదిలేశాను.

"సంపీండి! సంపీసి ఏటి తెచ్చుకుంటారు? పొలి ఆడి ఒంటి మీదికెక్కీసినాది. ఆడు సస్తే ఆడితోపాటే కాట్లోకి పోతాది! ఎత్తుకెళ్ళినోడే ఎనక్కి తెచ్చి సల్లాల. మా కన్నోరి ఊర్లో అదే కట్టు. మీ ఊర్లో లేదేటి?"

కత్తి ఆగింది. గుంపు వెనక నుంచి పొలి చేట పట్టుకుని అమ్మవారి పూజారి వచ్చాడు. ముసలివాడు, ఎముకల గూడు. కింద పారిన బియ్యాన్ని చూశాడు, నన్ను చూశాడు. అది అక్షింతలని ఆ పూజారికి తెలిసిందో లేదో ఈనాటికీ చెప్పలేను.

"ఆడది సెప్పింది నిజమేరా" అన్నాడు. "బండి మీద పొలిమేర దాటించినాడు. బండి మీదే తిప్పాల. పొలిమేరంతా తిప్పి అమ్మ ముందర దింపాల."

"మద్దిలో ఆగిపోతేనో?" అన్నాడు కాగడా వాడు.

"ఆగినకాడే నరికీసుకోండి."

నా పెనిమిటిని లేపి కూర్చోబెట్టాను. చెవిలో అరిచి సంగతి చెప్పాను. నోట్లో నెత్తురు ఉమ్మి, ఎడమ చెయ్యి ఎత్తబోయాడు. అది ఎండిన ఆనపకాయలా వేలాడింది.

"క్లచ్చి పట్టలేనే" అన్నాడు.

"నాను పడతాను."

"నీకేటి తెలుసు?"

"ఇన్నేళ్ళు నీ ఎనకాల కూకుని కళ్ళు మూసుకున్నాననుకున్నావేటి, మావా?"

చీర గోచీ బిగించి, మగాడిలా రెండు వైపులా కాళ్ళు వేసి వెనక కూర్చున్నాను. నాట్లలో ఎప్పుడూ కట్టే గోచీయే, కానీ బండి మీద ఆడదాన్ని అలా చూసి ఒకడు ఇంత గొడవలోనూ నవ్వాడు. ఎడమ చెయ్యి ఆయన చంక కింద నుంచి చాచి క్లచ్చి ఇనప రెక్క పట్టుకున్నాను. మా ఇద్దరి మధ్య, నా ఒళ్ళో పొలి చేట. దాంట్లో నెత్తుటి అన్నం, పైన నా అక్షింతలు మట్టితో సహా ఎత్తిపోశారు.

తన్నితే బండి అందుకోలేదు. కర్రలు దగ్గరికొచ్చాయి. ఇంకోసారి తన్నాడు, పక్కటెముకలు పట్టుకుని మూలిగాడు. మూడోసారికి అది పెద్ద అరుపు అరిచింది.

"నొక్కు!" అన్నాడు. నొక్కాను. కాలితో గేరు వేశాడు. "ఒగ్గు! మెల్లిగా!" నేను మెల్లిగా వదల్లేదు. బండి ఎగిరి ముందుకు దూకింది, ముందున్నవాళ్ళు చెల్లాచెదురయ్యారు.

కోసిన చేలు. గోగు మోళ్ళు టైర్లకు తగులుతున్నాయి, గట్టు వచ్చిన ప్రతిచోటా ఆయన నోట్లోంచి ఒక కేక. రెండు వైపులా మనుషులు డప్పులు కొట్టుకుంటూ పరుగు. కాస్త నెమ్మదిస్తే చాలు, వెనక మడ్డుగార్డు మీద కర్ర పడేది. ఒక దెబ్బ నా పిక్క మీద పడింది. నేను చేటలోంచి తీసి చల్లుతూనే ఉన్నాను. చెయ్యంతా జిగురు. పూజారి పరిగెత్తలేక ఒక మనిషి భుజాల మీదెక్కి, "అటు! గట్టెంబడి!" అని చెయ్యి చూపిస్తున్నాడు.

గెడ్డలోకి దిగాం. వేసవి కదా, నీళ్ళు లేవు, అంతా ఇసక. సగానికి రాగానే వెనక చక్రం దిగబడింది. బండి ఏడుస్తోంది గానీ కదలదు. వేపదండ వాడు కత్తి పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. వాడి కళ్ళలో ఒక సంతోషం కనపడింది. ఆ సంతోషాన్ని నేను మరిచిపోలేదు.

నా పెనిమిటికి డప్పులు వినపడవు, అరుపులు వినపడవు. కత్తి మాత్రం కనపడుతుంది. అయినా ఆయన దాన్ని చూడలేదు, చక్రాన్ని చూశాడు. తలెత్తి, సిపాయిల్ని అదిలించే గొంతుతో, "సూస్తావేటి? నీ పొలి ఇసకలో కూరుకుపోతన్నాది. తొయ్యి!" అన్నాడు.

వాడు తెల్లబోయాడు. పూజారి పైనుంచి, "తొయ్యండ్రా ఎదవల్లారా!" అని కేకేశాడు. మమ్మల్ని కొట్టిన చేతులే బండి వెనక పడ్డాయి. కత్తిని నడుముకు దోపుకుని వాడూ తోశాడు. ఇసక లేచి అందరి నోళ్ళలో పడింది. "నొక్కు! ఒగ్గు!" ఈసారి మెల్లిగానే వదిలాను. బండి ఒడ్డెక్కింది.

పొలిమేరంతా తిరిగాక అమ్మవారి పందిరి ముందర ఆపాడు. ఖాళీ చేట నేను కింద పెట్టాను. పూజారి ఆయన నుదుటనా, బండి దీపం మీదా కుంకుమ పెట్టాడు. "దిగింది" అన్నాడు. అంతే, కర్రలు కింద పడ్డాయి. ఇందాక తన్నినవాళ్ళు ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోస్తున్నారు. ఆయన హేండిలు మీదికి వాలిపోయాడు. బతికే ఉన్నాడా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. వెచ్చగా తగిలింది. అప్పుడు ఏడ్చాను.

ఆ రాత్రి పండగ పూర్తిగా ముగిసేదాకా ఊరు దాటనివ్వలేదు. పెళ్ళి ఆ రాత్రే, మేం లేకుండానే అయిపోయింది. వేపదండ వాడే వెదురు బద్దలు చెక్కి మణికట్టుకు కట్టు కట్టాడు. కడుతూ నాతో నిష్ఠూరంగా, "ముసిలోడు సెవిటోడని ముందే సెప్పొచ్చు గదమ్మా" అన్నాడు.

"మెడ మీద కత్తెట్టి ఎవులికి సెప్పమంతావు?" అన్నాను.

నవ్వాడు. నేను నవ్వలేదు. వాడి ఇంట్లో పెట్టిన గంజి తాగాను, ఎందుకంటే ఆయనకు తాగించాలి. వాడి గోళ్ళ సందున నెత్తురు చూస్తూనే తాగాను.

ఆ చెయ్యి వంకరగానే అతుక్కుంది. పిడికిలి మూసుకోదు. కొడుకులు బండి అమ్మేద్దామన్నారు. మరుసటి వేసవికి ఆయన దాన్ని బయటికి తీసి, నూనె పోసి, వాకిట్లో నిలబెట్టి నా మొహంలోకి చూశాడు. నేను లోపలికి పోయి గోచీ కట్టుకుని వచ్చాను. మళ్ళీ ఇచ్ఛాపురం పోయాం, ఆ ఊరి దారిన మాత్రం కాదు. "నొక్కు" అంటే నొక్కాను, "ఒగ్గు" అంటే వదిలాను. నరసన్నపేట దాటాక ఎక్కడో చేల అవతల డప్పు మోగింది. ఆయన ఏమీ అనకుండానే నా చెయ్యి క్లచ్చి నొక్కేసింది. బండి మెల్లిగా జారి రోడ్డు పక్కన ఆగింది. ఆయన ఇంజను ఆపేశాడు. ఆ డప్పు ఆగిపోయేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.