వడ్డీ తగ్గిందని ఓళిగలు

వడ్డీ రావడమనేది మా ఇంటా వంటా లేదు. కట్టడమొక్కటే మాకు తెలుసు. కోయిలకుంట్ల దగ్గర మా మేనత్తా మామా నల్లరేగడిలో జొన్నలూ శనగలూ పండించి, పండినదంతా షావుకారు అంగట్లోనే పోసేవాళ్లు. ఏ సంవత్సరమైనా ఆయన మనసు కరిగి వడ్డీ తగ్గిస్తే ఆ రోజు అత్త బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసేది. పండగకు చేసినా చేయకపోయినా దానికి మాత్రం తప్పేది కాదు. పిచ్చి మనుషులు!

మామ పోయినాక అత్త చేను అమ్మేసింది. అప్పులు పోగా మిగిలింది బ్యాంకులో డిపాజిట్ వేసింది. పిల్లల్లేరు. బజారు వెనక మిద్దె మీద ఒక రూము అద్దెకు తీసుకుంది. నెలనెలా వచ్చే వడ్డీతోనే అద్దె, తిండి. ఎవరి ముందరా చెయ్యి చాపే పని లేదు.

నేనెప్పుడు పోయినా మధ్యాహ్నమే పోయేవాణ్ణి. కిటికీలోంచి పడిన ఎండ నేల మీద మెల్లగా జరుగుతుండేది. కింద అంగట్లో శనగలు జల్లెడ పడుతుంటే యాడో దూరంగా వాన కురుస్తున్నట్టు వినపడేది. అత్త మంచం మీద వెల్లకిలా పడుకుని, కళ్లు సగం మూసుకుని మాట్లాడేది. "పని చెయ్యకుండా దుడ్లు వస్తాండాయి. ఇది నిజమేనంటావా అబ్బీ? నిద్రలేస్తే మళ్లా చేన్లో ఉంటానేమోనని బయ్యం." పక్కకు ఒత్తిగిలి, "రెండు దుడ్లు మిగిలితే మంత్రాలయం పోయి తుంగభద్రలో కాళ్లు పెట్టుకోని ఊరికే కూచుంటా" అనేది. వింటూ వింటూ నాకూ కళ్లు మూతపడేవి. లేచేసరికి ఎండ గోడెక్కి ఉండేది.

ఒకరోజు చెప్పాపెట్టకుండా కర్నూలులో మా ఇంటికి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా, నిండా ఓళిగలు. "టీవీలో చెప్తాండారు, వడ్డీలు తగ్గించినారంట గదా!" ముఖమంతా నవ్వే.

నాకు ఇంటి లోను ఉంది. పొద్దున్నించీ నేనూ అదే సంబరంలో ఉన్నాను. అత్తకు ఇప్పుడు కట్టే వడ్డీ లేదు, వచ్చేదే ఉంది, తగ్గేది ఆమె కూడే అని నాకు ఆ క్షణమే తట్టింది. చెప్పాలి గదా? చెప్పలేదు. ఆ నవ్వు చూసి నోరు రాలేదని ఇప్పుడు అంటాను గానీ, అబద్ధం. నా సంబరం చెడుతుందని చెప్పలేదు. నాలుగు ఓళిగలు తిన్నాను. థూ, నా బతుకు!

కొన్ని నెలలకు డిపాజిట్ గడువు తీరింది. మళ్లీ వేయించడానికి తోడుగా పోయినాను. కౌంటర్లో అమ్మాయి కొత్త వడ్డీ చెప్పింది. అత్తకు అర్థం కాలేదు. "తగ్గింది మేం కట్టేది గదమ్మా?" అనింది.

"నువ్వు కట్టేదేముంది అవ్వా? మేం నీకిచ్చేదే తగ్గింది."

అత్త నా వైపు తిరిగింది. "నీకు తెలుసునా?"

"తెలుసు అత్తా."

తిట్టలేదు. కౌంటర్లో అమ్మాయి చూపించిన చోట వేలిముద్ర వేసింది.

ఆ ఏడే ఓనరు అద్దె పెంచినాడు. అత్త ముందు పాలు మానింది, తర్వాత రాత్రి కూడు మానింది. తెలిసి నాకు కోపమొచ్చింది. అద్దె నేను కడతానని గట్టిగా చెప్పినాను. "నువ్వు కడితే అది నీ రూమైతాది, నాదెట్లైతాది? దానికంటే నీ ఇంటికే వస్తాలే" అనింది. పోనీ అసల్లోంచి తీసుకోమంటే, "అది అయిపోయినాక కూడా నేను బతికుంటేనో?" అనింది.

వచ్చేసింది. నేను నెలనెలా కట్టే లోను కంతు తగ్గింది, నిజమే. ఇంట్లో అత్తను ఎవరూ ఒక మాట అనరు. నా భార్య నాకంటే బాగా చూసుకుంటుంది. అయినా రోజూ మధ్యాహ్నం, ఇల్లంతా కునుకు తీస్తున్నప్పుడు, అత్త వంటింటి గడప దగ్గర నిలబడి నా భార్యను చిన్నగా అడుగుతుంది.

"అమ్మాయీ, రవ్వంత టీ పెట్టుకోనా?"