జనగామ బస్టాండుల లీడర్‌షిప్ ట్రైనింగ్

ఆఫీసుల అందరు నన్ను దస్తీ సార్ అని ఎందుకు పిలుస్తరో ఎరుకేనా మీకు? తెల్వదా? తెల్వకుంటనే ఇన్ని దినాల నుంచి పిలుస్తున్నరా! సరే, చాయ చెప్పుండ్రి, నేనే చెప్త. వేరేటోళ్ల నోట వింటే దాంట్ల ఇంకో రెండు కలుపుతరు. కలపకుంటనే నా పరువు పోయేటంత ఉన్నది అసలు ముచ్చట.

మా సెక్షన్ మీరు చూసిందే గదా. ఇంజనీరింగ్ పిల్లలకు లీడర్‌షిప్ నేర్పాలె, బయటి ప్రపంచం ఎట్లుంటదో చెప్పాలె, హుషారున్నోళ్లను ఏరి విదేశాలకు ట్రైనింగుకు పంపాలె. దానికోసమని యూనివర్సిటోళ్లు పెట్టిన సెక్షన్. ఒక రూము, ఒక ప్రొఫెసర్ సారు, ఒక టైపు మిషను, ఒక గ్లోబు, నేను. గ్లోబు ఒక దిక్కు ఒరిగి ఉంటుండె. నేను రోజు పొద్దుగాల దాని కింద అట్టముక్క పెట్టి సక్కగ నిలబెడుతుంటి. భూమి అట్లనే ఒరిగి ఉంటదయ్యా అని సారు చెప్పేసరికి మూడు నెలలైంది.

నేను జూనియర్ అసిస్టెంటును. అరవై తొమ్మిది ఉద్యమంల మా చదువు ఒక ఏడాది పోయింది. ఆ ఏడాది పోకుంటే ఈపాటికి సీనియర్ అసిస్టెంటునైతుంటి అని ఇంట్ల చెప్పుకుంట. ఇంట్ల ఎవలు నమ్మరు.

సారు లీడర్‌షిప్ పాఠాలు ఇంగ్లీషుల రాసిస్తడు, నేను టైపు కొడుత. మొదటిది, ముందుగాల ఆలోచించు. రెండోది, నిర్ణయం తీసుకో. మూడోది, ఆపద వచ్చినప్పుడు పరేషాన్ గాకు. గిది నేను ఎన్నిసార్లు కొట్టిన్నో నాకే యాది లేదు. మిషను మీద చూడకుంట కొడుత.

ఇగ అసలు ముచ్చటకొస్త. సివిల్ మూడో సంవత్సరంల సుగుణ అని ఒక పిల్ల ఉండె. కొడకండ్ల దగ్గర ఊరు. క్లాసు మొత్తంల ఆడపిల్ల ఆమె ఒక్కతే. జపానుల ఆర్నెల్ల ట్రైనింగుకు మా యూనివర్సిటీ నుంచి ఆమె ఒక్కతే సెలెక్టు అయింది. అంత మంచిగనే ఉంది గని, ఫారం మీద తండ్రి సంతకం కావాలె. తండ్రి పెడుతలేడు. రెండు ఉత్తరాలు రాసినం, జవాబు లేదు. పిల్ల ఎండకాలం సెలవులకు ఊరికి పోయింది. పోయినంక ఆమె నుంచి గూడ ఉత్తరం రాలే.

మా సారు గోదావరి దిక్కు మనిషి. నన్ను పిలిచిండు.

"నువ్వే వెళ్లాలయ్యా. ఫారం ఇదొక్కటే, జపాను నుంచి వచ్చింది. ఇంకొకటి తెప్పించే టైం లేదు. ఎల్లుండి పొద్దున్నే ఒకాయన ఢిల్లీ వెళ్తున్నాడు, ఆయన చేతికివ్వాలి. రేపు సాయంత్రం ఐదింటికల్లా సంతకంతో నా బల్ల మీద ఉండాలి. ఆ అమ్మాయిని కూడా తీసుకురా, నా ముందు సంతకం చెయ్యాలి. లేకపోతే ఆమె పేరు కొట్టేస్తారు. అర్థమైందా?"

"అయింది సార్. నేను చూసుకుంట."

గీ మాట నేను అనకపోతే బాగుండు.

మధ్యాహ్నం వరకు వాళ్ల ఊరు చేరిన. సుగుణ తండ్రి పేరు కొమురయ్య. అరుగు మీద కూసోని పగ్గం పేనుతున్నడు. నేను ఎదురుంగ కూసోని మొత్తం చెప్పిన. జపాను చెప్పిన, పిల్ల భవిష్యత్తు చెప్పిన, లీడర్‌షిప్ పాయింట్లు మూడు వరుసవెట్టి చెప్పిన. ఆయన పగ్గం మీది నుంచి తల ఎత్తలే.

"అయిపోయిందా సారు?"

"అయిపోయిందన్నా."

"అయితే లేవు. కాళ్లు కడుక్కో. అన్నం తిందువు."

అంతే! మల్ల ఆ దినం ఆ ముచ్చట ఎత్తనియ్యలే. తెల్లారి నేను చెప్పులేసుకుంటుంటే, ఆయనే బిడ్డను పిలిచిండు.

"నువ్వు పోకుంటే ఏమైతదే?"

"ఏం గాదు బాపు. ఇంకెవలో పోతరు. నేను ఈడనే కూసోని జపాను ఎట్లుంటదో ఆలోచన చేసుకుంటుంట."

 ఆయన నా దిక్కు చెయ్యి చాపిండు. పెన్నిచ్చిన. ఒక్కొక్క అచ్చరం దిద్దుకుంట పేరు రాసిండు.  

"గీ ఒక్కసారే సారు," అన్నడు. "మల్లొక్కసారి పెట్టుమంటే నాతోని గాదు. మనసు గట్టిచేసుకోని పెట్టిన."

ఫారం ఫైల్ల పెట్టిన. ఫైలు చంకల పెట్టిన. సుగుణ తల్లి వచ్చి, "సారూ, మా చేన్ల పెసర్లు, పట్నంల గిసొంటియి దొరకయ్," అని ఒక చేటెడు తెచ్చింది. నా తాన సంచి లేదు. జేబులకెల్లి దస్తీ తీసిచ్చిన. దాంట్ల పోసి గట్టిగ మూట కట్టింది. గీ మూట యాది పెట్టుకోండ్రి.

నేను, సుగుణ, కొమురన్న ముగ్గురం జనగామ వచ్చినం. ఆయనకు మోటరు సామాను కొనేదుండె. మాకు జనగామల పట్నం బస్సు పట్టుకునేదుండె. పొద్దు పదకొండున్నర అయితుంది. బస్టాండు నిండ జనం. పెండ్లిళ్ల దినాలాయె.

జనగామ బస్టాండుల సీటు ఎట్ల దొరుకుతదో మీకు నేను చెప్పాల్నా? బస్సు లోపటికి తిరుగంగనే ఉరకాలె. కిటికీలకెల్లి దస్తీ ఏయాలె. దస్తీ పడ్డదంటే ఇగ ఆ సీటు నీది. నువ్వు మెల్లగ ఎక్కినా ఎవడు ఏమనడు. తువ్వాల ఏస్తరు, టోపీ ఏస్తరు, ఒకసారి ఒకాయన కాలి చెప్పు ఏస్తే గూడ సీటు ఆగింది, నేను కండ్లార చూసిన.

బస్సొచ్చింది. ముందట హైదరాబాద్ బోర్డు. నేను ఉరికిన. మూడో కిటికీ ఖాళీ. జేబుల చెయ్యి పెట్టిన, దస్తీ లేదు! దస్తీ పెసర్ల మూటయి నా ఎడమ చేతుల ఉన్నది. కుడి చేతుల ఫైలున్నది.

ఇగ చూడండ్రి, నేను మొదటి పాయింటు ప్రకారమే నడిచిన. ముందుగాల ఆలోచించిన. పెసర్లు ఏస్తే ఎవడన్న ఎత్తుకపోతడు. కాయితాలు ఎవడెత్తుకపోతడు? రెండో పాయింటు, నిర్ణయం తీసుకున్న. ఫైలు కిటికీలకెల్లి లోపటికి ఏసిన. సీటు నడిమిట్ల సక్కగ పడ్డది.

మెల్లగ ఎనుకకు వచ్చిన.

"సీటాగింది. రాండ్రి, చాయ తాగుదాం."

"ఫైలేది సార్?" అన్నది సుగుణ.

"సీటాపుతుంది."

ఆమె బస్సు దిక్కు ఒకసారి చూసి మా ఎంట వచ్చింది. పెద్దమనిషినని గౌరవం. క్యాంటీన్ల కూసున్నం. నేను కొమురన్నకు జపాను సంగతులు చెప్పుకుంట ఉస్మానియా బిస్కెట్ ముంచుకోని తిన్న. సీటు ఆగినంక తొందరేముంటది? రెండో బిస్కెట్ సగంల ఉండంగ సుగుణ లేసి నిలబడ్డది.

"సార్, బస్సు."

బయటికొచ్చి చూసినం. బస్సు లేదు. బస్సు ఉన్నకాడ ఒక మేక ఉన్నది.

ఎంక్వైరీ కిటికీ కాడికి ఉరికిన. లోపట ఒకాయన పండ్లు పుల్లతోని కుట్టుకుంటున్నడు.

"అన్నా, హైదరాబాద్ బస్సేది?"

"ఇంక రాలే."

"ఇప్పుడు వచ్చింది గదా!"

"గది హైదరాబాద్ నుంచి వచ్చింది. పోయింది బచ్చన్నపేటకు. బోర్డు తిప్పలేనట్టున్నడు. అడగకుంట ఎక్కుతర్రా ఎవలన్న?"

"ఎక్కలే," అన్న.

"మరింకేంది?"

 మూడో పాయింటు యాదికొచ్చింది గని ఇంగ్లీషుల యాదికొచ్చింది, పనికి రాలే. కొమురన్న బెంచి మీద కూలవడ్డడు. తల మీది రుమాలు తీసి ఒళ్లె పెట్టుకున్నడు.

"పోనీ తియ్యి బిడ్డా," అన్నడు నెమ్మదిగ. "ఆ కాయితానికే పోబుద్ధి గానట్టున్నది. ఇంటికి పోదాం పా."

నన్ను ఒక్క మాట అనలే. అంటే బాగుండు. పిల్ల మొఖం చూస్తే నాకు అక్కడ్నే భూమిల కూరుకపోవాలనిపిచ్చింది. తండ్రి రాత్రంత ఆలోచించి పెట్టిన సంతకం, నేను దస్తీ లెక్క ఇసిరి పారేసిన.

ఆమె మాత్రం ఏడ్వలే. ఎంక్వైరాయనను అడిగింది, "బచ్చన్నపేటకు ఫోను చేస్తరా?"

"ఆడ ఫోన్లేదు."

"బస్సు తొవ్వల ఎన్ని ఊర్లల్ల ఆగుతది?"

"చెయ్యెత్తినకాడల్ల ఆగుతది."

"మంచిది," అన్నది. ఎందుకు మంచిదో నాకు తెల్వలే. బస్టాండు గేటు కాడికి పోయి, రోడ్డు మీద నిలబడ్డ లారీలను ఒక్కొక్కటి అడుక్కుంట పోయింది. నాలుగో లారీ వడ్లు తెచ్చెటందుకు ఖాళీగ బచ్చన్నపేట దిక్కే పోతున్నది. డ్రైవర్‌తోని ఏం మాట్లాడిందో ఏమో, చెయ్యి ఊపి పిలిచింది.

"బాపు, ముందట కూసో. సార్, మీరు ఈడనే ఉండుండ్రి."

"నేనేం చెయ్యాలె?"

"ఏం చెయ్యకుండ్రి సార్."

ఇన్నేండ్ల సర్వీసుల నాకు ఇంత సాఫ్‌గ ఎవలు ఆర్డరియ్యలే. అయినా మనసొప్పక ఎనుక సరుకు ఏసే డాల ఎక్కిన. లారీ ఎగిరినప్పుడల్ల నేను గూడ ఎగిరిన. పెసర్ల మూట మాత్రం రెండు చేతుల పట్టుకున్న. ఒక్క గింజ పోలే.

చెయ్యెత్తినకాడల్ల ఆగే బస్సు ఎట్లుంటదో అప్పుడు సమజైంది. మేం బచ్చన్నపేట చేరేసరికి బస్సు అప్పుడే ఆగుతున్నది, జనం ఇంక దిగలే. లోపట కాలు పెట్టే సందు లేదు. ఒకల మీద ఒకలు నిలబడ్డరు. సుగుణ ముందు, నేను ఎనుక, తోసుకుంట ఎక్కినం.

మూడో కిటికీ కాడ సీటు ఖాళీ!

ఖాళీ అంటే ఖాళీ. అంత కిటకిటల, సీటు నడిమిట్ల నా ఫైలు ఒక్కటే దర్జాగ కూసున్నది. పక్కపొంటి కడ్డీ పట్టుకోని ఒక అవ్వ నిలబడ్డది. నేను ఫైలు తీయబోతే నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"ఏయ్! ఎవలో సీటాపిండ్రు. తియ్యకు."

"నేనే అవ్వా. ఆపింది నేనే."

అవ్వ నన్ను కిందికి మీదికి చూసింది.

"నువ్వా? జనగామ కాడికెల్లి నిలబడి వచ్చిన. ఎంతమంది కూసోవోతే ఆపిన్నో తెలుసా? గింతసేపు తాగుతార్రా చాయ?"

నాకు సిగ్గయింది. "కూసో అవ్వా, నువ్వు కూసో," అన్న.

"ఇంకేం కూసునుడు? మా ఊరొచ్చింది," అని దిగి పోయింది.

కండక్టర్ వచ్చిండు. "ఎవలో ఆఫీసరు ఏసిండు, వస్తడనుకున్న," అన్నడు. బస్సు కదిలినంక గూడ వస్తడనుకున్నవా అని అడగబోయి మానుకున్న.

సుగుణ ఫైలు తెరిచి చూసింది. సంతకం ఉన్నది. అప్పుడు ఏడ్చింది పిల్ల. కొమురన్న గూడ కిటికీ బయట నిలబడి తల అటు తిప్పుకున్నడు.

అదే బస్సుల, అదే సీట్ల ఎనుకకు వచ్చినం. తండ్రీ బిడ్డలు సీట్ల, నేను కడ్డీ పట్టుకోని. ఎవలు కూసొమ్మనలే, నేను గూడ అడగలే. జనగామల దిగినంక కొమురన్న నన్ను పక్కకు పిలిచిండు.

"సారూ, ఒక్క మాట. జపానుకు నువ్వు గూడ పోతున్నవా?"

"లేదన్నా. పిల్ల ఒక్కతే."

"అయితే ఫర్వాలే," అన్నడు. "పంపిస్త."

ఐదింటికి జర ముందట సారు బల్ల మీద ఫారం పెట్టినం. దాంట్ల మేము నింపాల్సిన గడి ఒకటి ఖాళీ ఉండె. ఈ విద్యార్థి లీడర్‌షిప్ చూపిన సందర్భం ఒకటి రాయాలె. సారు సుగుణను అడిగి మొత్తం విన్నడు. నా దిక్కు చూసిండు. చెప్పుకుంట పోయిండు, నేను టైపు కొట్టిన. యూనివర్సిటీ ఉద్యోగి ఒకరు కలిగించిన ఆపదలో, అని మొదలువెట్టిండు. నా పేరు పెట్టలే, అది ఆయన దయ. మూడు కార్బన్ కాపీలు నేనే తీసిన.

నెలకు జపాను నుంచి ఉత్తరమొచ్చింది. పిల్లను తీసుకున్నరు. కింద ఇంకో ముక్క రాసిండ్రు, ఆ బస్సు పరీక్ష శానా సహజంగ ఉన్నది, ఎట్ల తయారు చేసిండ్రో వివరంగ రాసి పంపుండ్రి అని. సారు ఆ ఉత్తరం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "రాయవయ్యా," అని పోయిండు. ఇంక రాస్తనే ఉన్న.

ఇగ మొన్న ఆమె పోయే దినం. జనగామ కాడికెల్లి పట్నందాక తోలుకరమ్మని నన్నే పంపిండు సారు. బస్టాండుల సుగుణ, కొమురన్న, ఒక పెట్టె, ఒక బ్యాగు. బస్సొస్తున్నది. నా చెయ్యి అలవాటుల ఆమె బ్యాగు మీదికి పోయింది.

ఆమె బ్యాగు ఎనుకకు గుంజుకున్నది. లోపటికెల్లి ఒక దస్తీ తీసి నా చేతుల పెట్టింది. పాత చీర కొంగుతోని కుట్టింది, అంచు గూడ మలిచింది.

"సార్, ఇది ఏయుండ్రి."

ఈసారి నేను తప్పు చేయదల్చుకోలే. బోర్డు చూసిన. డ్రైవర్ను అడిగిన. కండక్టర్ను గూడ అడిగిన. ముగ్గురు హైదరాబాదే అన్నరు, బోర్డుతోని కలిపి. అప్పుడు ఉరికిన. జనం తోసుడు తోసుడు కాదు. ఆ తోపులాటల నేను ఇటు తిరిగి, కిటికీ చూసి, గురి చూసి ఏసిన. సీటు నడిమిట్ల పడ్డది.

పక్క బస్సు సీట్ల. మానుకోట బస్సు.

నేను అట్లనే నిలబడ్డ.  సుగుణ బ్యాగు తెరిచి రెండో దస్తీ తీసి, తనే పోయి ఏసొచ్చింది.

కొమురన్న నా దిక్కు చూడనన్న చూడలే. బిడ్డతోని అన్నడు, "మూడు కుట్టుమని మీ అమ్మకు ఊకెనే చెప్పిన్నా?"