నేను తీసేసిన చివరి కాలమ్

శ్రావంతి పేపర్ వెనక్కి వచ్చిందన్న కబురు నాకు మొదట చెప్పింది మా పక్కింటి నాగమణి. 2024 ఫిబ్రవరి, ఖతార్‌లోని అల్ ఖోర్. పొద్దున దీపం పెట్టి, అప్పుడే లాప్‌టాప్ తెరిచాను. తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చేసింది. చేతిలో ఫోను, కళ్ళలో నీళ్ళు.

"అక్కా, మా పిల్లవి దొంగలెక్కలంటున్నరు. ఆ పేపర్ సాఫ్ చేసి పంపింది నువ్వే గద? జర చూడు."

శ్రావంతి ఆమె చెల్లెలి కూతురు. దోహాలో ఒక యూనివర్సిటీలో పిహెచ్‌డీ చేస్తోంది. శుక్ర శనివారాలు పెద్దమ్మ దగ్గరికి వచ్చి తిని, నిద్రపోయి వెళ్తుంది. ఆ పిల్ల మాన్యుస్క్రిప్ట్‌కి, అంటే జర్నల్‌కు పంపే రాతప్రతికి, ఫార్మాటింగ్ చేసింది నేనే.

నా పని గురించి అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ముందు అది చెబుతాను. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది, పరీక్షలు ప్రైవేటుగా రాశాను. పెళ్ళయి మావారి గ్యాస్ ప్లాంటు ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చాక, ఆయన పాత లాప్‌టాప్ మీద ఈ పని నేర్చుకున్నాను. దేవుడి దయవల్ల దోహాలోని ఒక ఎడిటింగ్ ఆఫీసు ఇంటి నుంచే చేయనిస్తోంది. జర్నల్ వాళ్ళు టెంప్లేట్ అని ఒక ఖాళీ ఫైలు ఇస్తారు. శీర్షిక ఎంత పెద్దదుండాలి, పేరాల మధ్య ఎంత జాగా ఉండాలి, టేబుల్ కింద గీత ఎంత మందం, అన్నీ అందులో ముందే ఉంటాయి. రచయిత రాసినదాన్ని తీసుకుని, ఒక్క మాట మార్చకుండా అందులో కూర్చోబెట్టాలి.

చెప్పడానికి ఇంతే. చేయబోతే ప్రాణం విసుగెత్తిపోతుంది. టెంప్లేట్ అక్షరాలు పది సైజు అంటుంది, అదే జర్నల్ సూచనల పేజీ పదకొండు అంటుంది. పెద్ద పెద్ద చదువులు చదివిన సార్లు స్పేస్ బార్ నొక్కి నొక్కి అంకెల్ని వరసలో నిలబెడతారు. ఫైలు నా దగ్గర తెరవగానే ఆ అంకెలన్నీ పేజీ మీద చల్లిన ఆవాల్లా చెదిరిపోతాయి. రిఫరెన్సులకు చేత్తో నంబర్లు వేసి, చివరి నిమిషంలో మధ్యలో ఒకటి దూరుస్తారు. ఇక డెబ్బై రెండు నంబర్లు నేను మార్చుకోవాలి. ఫోన్ చేస్తే, "కొంచెం అలైన్ చేస్తే చాలమ్మా, పది నిమిషాల పని" అంటారు. ఆ పది నిమిషాలు నాకు ఎప్పుడూ రెండు రోజులు.

సరే, నాగమణిని కూర్చోబెట్టి ఆ ఉత్తరం చదివాను. ఉమ్ సలాల్‌లో ఒక తోట బావి నీళ్ళలో ఉప్పదనం ఎలా మారుతోందన్నది శ్రావంతి పేపర్. పది వారాల పాటు రోజూ తీసిన రీడింగులు చివర ఒక టేబుల్‌గా ఉన్నాయి. పేపర్‌ను పరీక్షించే రివ్యూయర్ రాసిందేమిటంటే, ప్రతి ఏడో రోజూ ఉప్పదనం సగానికి పడిపోతోంది, కారణం చెప్పలేదు. చివరి కాలమ్‌లో గుర్తు ఉన్న రోజుల్ని లెక్కలోంచి వదిలేశామని రాశారు, కానీ ఆ కాలమ్‌లో ఏ గుర్తూ లేదు. ఈ అంకెలు నిజంగా కొలిచినవేనా? పద్నాలుగు రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఈ పేపర్ అంగీకరిస్తేనే యూనివర్సిటీ ఆ పిల్ల థీసిస్ తీసుకుంటుంది. అంకెలు కల్పించిందన్న మాట నిలబడితే పేపర్ మాత్రమే కాదు, నాలుగేళ్ళ చదువూ పోతుంది.

శ్రావంతికి ఫోన్ చేశాను.

"ఆంటీ, నేను ఫేక్ చేసిన్నా? రోజూ పొద్దుగాల రీడింగ్ నాకు వాట్సాప్‌ల వచ్చేది. గుర్తులు కూడ పెట్టిన."

"పెడితే ఏవమ్మా? ముందు నువ్వు పంపిన ఫైళ్ళ సంగతి చెప్పు. ఫైనల్, ఫైనల్ కొత్తది, గైడ్ సార్ ఫైనల్, ఇదే ఫైనల్. వీటిలో ఏది ఫైనల్?"

"ఇదే ఫైనల్ అన్నది మాత్రం కాదాంటీ. గైడ్ సార్ ఫైనల్‌ల నేను మళ్ళ మార్చిన."

నాకు ఒళ్ళు మండింది. నేను ఫార్మాట్ చేసి ఇచ్చిన ఫైల్లో ఈమె దిద్దుకుంటే, గైడుగారు అంతకుముందు నేనే ఫార్మాట్ చేసి ఇచ్చిన పాత ఫైల్లో దిద్దారు. రెండూ నా దగ్గరికి వచ్చాయి. రెండు రోజులు వాటిని పక్కపక్కన పెట్టుకుని ఒక్కో వాక్యం సరిచూశాను. వాటిలో ఏ ఫైల్లోనూ గుర్తులు లేవు. చదువుకున్న పిల్ల, గుర్తు పెట్టానని రాసి పెట్టడం మరిచిపోయిందని తేల్చేసుకున్నాను. ఆ మాటే వెళ్ళి నాగమణితో అన్నాను.

"మీ పిల్లకి తొందర ఎక్కువ. పెట్టానంటుంది గానీ ఎక్కడా పెట్టలేదు."

"మా పిల్ల అట్ల చెయ్యదక్కా" అంది నాగమణి. ఆ రోజు చాయ్ తాగమనలేదు.

మూడో రోజు, కోపం కాస్త చల్లారాక, అంతకుముందు సంవత్సరం నవంబరులో శ్రావంతి మొట్టమొదట పంపిన మెయిల్ వెతికి తీశాను. అందులోని ఫైలు తెరిచాను. టేబుల్‌కి నాలుగు కాలమ్‌లు ఉన్నాయి. తేదీ, ఉప్పదనం, ఉష్ణోగ్రత. నాలుగోదానికి పేరు లేదు. డెబ్బై వరసల్లో అరవై ఖాళీ. పదింటిలో మాత్రం ఒక చిన్న 'టి' అక్షరం.

అప్పుడు గుర్తొచ్చింది. పేజీని రెండు నిలువు భాగాలుగా చేసే టెంప్లేట్ అది. టేబుల్ ఒక భాగంలో పట్టలేదు, వేలెడంత బయటికి వచ్చింది. నాలుగో కాలమ్ దాదాపు ఖాళీ. ఆ అక్షరాలు చేయి జారి పడ్డవనుకున్నాను. అలాంటి చెత్త నాకు రోజూ వస్తుంది. కాలమ్ తీసేశాను, టేబుల్ చక్కగా కూర్చుంది. అమ్మయ్య, దేవుడు దయ చూపించాడు అనుకున్నాను కూడా. పాపం, దేవుడికి దానితో ఏ సంబంధమూ లేదు.

మా పనిలో క్వెరీ అని ఒకటుంది. అనుమానం వస్తే పక్కన మార్జిన్‌లో రచయితను అడిగే ప్రశ్న. ఆ ఫైల్లో కామాల గురించి పదకొండు క్వెరీలు పెట్టాను. తీసేసిన కాలమ్ గురించి ఒక్కటీ లేదు. చిన్నప్పుడు అమ్మ చూసి రాయమని ఇస్తే, నాకు అక్కర్లేదనిపించిన ముక్కలు వదిలేసేదాన్ని. "అక్కర ఉందో లేదో తరవాత చెబుదువు గాని, ముందు ఉన్నది ఉన్నట్టు రాయి" అనేది. అరవై ఏళ్ళకు దగ్గరపడుతున్నా ఆ పాఠం నాకు పూర్తికాలేదు.

లేచి పక్కింటికి వెళ్ళాను. ఈసారి వారం మధ్యలోనే వచ్చేసిన శ్రావంతి కూడా అక్కడే ఉంది. ఉన్న సంగతి చెప్పాను.

శ్రావంతి ఫోన్లో పాత మెయిల్ తెరిచి చూసింది. తరవాత, "మీరు పంపిన పీడీఎఫ్ నేను ఫోన్‌ల చూసిన ఆంటీ. నా పేరు స్పెల్లింగ్, బొమ్మలు చూస్కొని ఓకే అన్న" అంది.

"అయినా తీసింది నేనమ్మా."

నాగమణి ఊరుకోలేదు. "మరి మొన్న నా ఇంట్ల నిలబడి నా పిల్లనే అంటివి గద?"

"అన్నాను. తప్పు నాదే."

"సరే తియ్. ఇగ కూసో, చాయ్ పెడ్త."

కాలమ్ తిరిగి పెట్టేస్తే అయిపోతుందనుకోకండి. రివ్యూయర్ ఏ రోజుల్ని అనుమానించాడో సరిగ్గా ఆ రోజులకే ఇప్పుడు గుర్తులు పుట్టుకొస్తే ఎవరు నమ్ముతారు? తోటలో రీడింగులు రాసిన అసలు పుస్తకం కావాలి. అది ఓబులేసు దగ్గర ఉందని శ్రావంతి అంది. ఆ తోటలో పనిచేసేది ఆయనే. మీటరు వాడటం ఈమె నేర్పించింది, రోజూ పొద్దున్నే కొళాయి దగ్గర కొలిచింది ఆయన.

శుక్రవారం తెల్లవారకముందే మావారి కారులో ముగ్గురం ఉమ్ సలాల్ వెళ్ళాం. ఓబులేసుది కదిరి దగ్గర పల్లె, యాభై దాటిన మనిషి. మేకల కొట్టం గోడకి కొక్కేనికి తగిలించిన ప్లాస్టిక్ సంచిలోంచి పుస్తకం తీసి, చేతులు తుడుచుకుని ఇచ్చాడు. రూళ్ళ పుస్తకం. పేజీకి నాలుగు నిలువు గీతలు, పెన్సిలుతో. చివరి గడిలో కొన్ని రోజులకు ఒక బొమ్మ ఉంది. ఒక పెట్టె, కింద రెండు చక్రాలు.

"ఇదేంటి ఓబులేసు గారూ?"

"ట్యాంకరు మేడం. శుక్రారం మా యజమాని కఫీలు ఇంటోళ్ళంతా కూసొని మాట్లాడుకునేదానికి ఈడి మజ్లిస్‌కి వస్తారు గదా. ఆ పిల్లోల్లకి ఈ ఉప్పునీళ్ళు యాడ పనికొస్తాయి? తెల్లారగానే తీపినీళ్ళ ట్యాంకరు తెచ్చి ఇదే తొట్టిలో పోస్తారు. ఆ పొద్దు కొళాయిలో వచ్చేటివి ఉత్త బాయినీళ్ళు కాదు. పాప రోజూ కొలవమన్నాది, కొలిసినా. ఇవి ఆ నీళ్ళు కాదని తెలియాల గదా, బొమ్మేసినా."

"నేను దాన్నే 'టి' అని టైప్ చేసిన ఆంటీ" అంది శ్రావంతి.

"అయితే ఆ బొమ్మ పేపర్లో లేదా?" అన్నాడు ఓబులేసు.

"ఉండేది. నేనే తీసేశాను."

"ఏమిటికి మేడం?"

"చోటు చాల్లేదు."

ఆయన నా వంక చూడలేదు. పుస్తకం వంక చూశాడు. "నా పుస్తకంలో చాలిందే" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే ఆశ్చర్యపోయాడు. నాకు మాత్రం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంతలో గేటు దగ్గర ట్యాంకరు హారన్ మోగింది. "యల్లా, యల్లా" అని డ్రైవరు తొందరపెడుతూ కేకేస్తుంటే ఓబులేసు పైపు లాగడానికి పరుగెత్తాడు. శ్రావంతి ట్యాంకరు రాకముందు ఒకసారి కొలిచి ఉంది, తొట్టి నిండాక మళ్ళీ కొలిచింది. రీడింగు సగానికి దిగింది. "అక్కా, సూడు సూడు" అని నాగమణి నా భుజం పట్టుకుని ఊపేసింది.

పుస్తకంలోని ప్రతి పేజీకీ ఫోటో తీసుకుని ఇంటికి వచ్చాం. టెంప్లేట్ తెరిచి చూద్దును కదా, పెద్ద టేబుల్‌ని పేజీ మొత్తం వెడల్పుకూ పరచడానికి అందులోనే వేరే స్టైల్ ఉంది. స్టైల్ అంటే ముందే అమర్చి పెట్టిన పద్ధతి, ఒక్క నొక్కుతో పడుతుంది. నాలుగు కాలమ్‌లూ హాయిగా పట్టాయి. నాలుగు నిమిషాలు పట్టింది. నవంబరులో ఆ నాలుగు నిమిషాలు వెతికి ఉంటే!

ఆ తరవాత జర్నల్ వెబ్‌సైటు నా సహనం చూసింది. మొదటిసారి ఫైలు పేరులో ఖాళీ ఉందని తిప్పి పంపింది. రెండోసారి ఫోటోలు మసక అంది. మూడోసారి టేబుల్ కింది వివరణ టెంప్లేట్ ప్రకారం లేదంది, టెంప్లేట్‌లోంచే తీసుకున్నా సరే. నాలుగోసారి ఏమీ మార్చకుండా అదే ఫైలు పంపాను, తీసుకుంది.

ఫైళ్ళతో పాటు ఎడిటర్‌కి ఉత్తరం కూడా వెళ్ళాలి. మా మేనేజర్ ఫోన్లో, "టెక్నికల్ ఎర్రర్ అని రాసేయండి మేడమ్. మన పేరెందుకు?" అన్నారు.

"కాలమ్ దానంతటదే పోలేదు కదండీ" అన్నాను.

ఆయన నిట్టూర్చి మీ ఇష్టం అన్నారు. ఫార్మాటింగ్ చేసిన నేనే రచయితను అడగకుండా ఆ కాలమ్ తొలగించానని, రచయిత తప్పు ఏమీ లేదని రాసి నా పేరు పెట్టాను. ఈ పని ఉంటుందో ఊడుతుందో అని రోజూ దీపం ముందు కాస్త ఎక్కువసేపే కూర్చున్నాను. ఉంది. అందుకు దేవుడికీ, ఆ మేనేజర్‌గారికీ రుణపడ్డాను.

నెల తిరగకుండానే పేపర్ అంగీకరించారు. ట్యాంకరు బొమ్మ చూశాక తనకు వేరే సందేహం లేదని రివ్యూయర్ రాశాడట. నాగమణి ఆ రోజు గిన్నెడు సేమ్యా పాయసం తెచ్చి, "ఇందుల ఏం తీసెయ్యకు, మొత్తం తిను" అంది. ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉంది.

అచ్చుకు ముందు చూసుకునే ప్రతి, ప్రూఫ్, వచ్చినప్పుడు చివర కృతజ్ఞతల పేరాలో 'తోట సిబ్బందికి' అని మాత్రమే ఉంది. ఈసారి క్వెరీ పెట్టాను. సిబ్బంది పేరు? శ్రావంతి ఓబులేసు పేరు చేర్చి పంపింది. ఫోన్ చేసి ఆ వాక్యం ఆయనకు తెలుగులో చదివి వినిపించాను.

"అంతమంది పెద్దోళ్ళ మధ్యన నా పేరెందుకు మేడం" అన్నాడు. మళ్ళీ తనే, "యేసేదుంటే ఆ ట్యాంకరు డ్రైవరుది గూడా యేసుండాల్సింది. ఒక్క శుక్రారం తప్పినోడు కాదు" అన్నాడు.

ఇప్పుడు ఏ ఫైలు వచ్చినా ముందు టేబుళ్ళ కాలమ్‌లు, వరసలు లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంటాను. పని ముగిశాక మళ్ళీ లెక్కపెడతాను. తేడా వస్తే రచయితను అడగందే ఫైలు కదలదు. రచయితల మీద విసుగు మాత్రం తగ్గలేదు. నిన్ననే ఒకాయన టేబుల్‌ని ఫోటో తీసి పంపారు, అదీ వంకరగా. విసుక్కుంటూనే లెక్కపెట్టాను.

ఆ వేసవిలో ఓబులేసు వీసా అయిపోయి ఊరికి వెళ్ళిపోయాడు. ఇక్కడి నంబరు పలకడం లేదు. ఆయన పేరున్న పేజీ ప్రింటు తీసి దేవుడి పటాల పక్కన దాచాను, ఎవరైనా అటువైపు వెళ్తే పంపుదామని. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్ళకు నాదొక మనవి. ఏ టేబుల్‌లోనైనా ఒక గడి ఖాళీగా, అడ్డంగా కనిపించి చెరిపేద్దామనిపిస్తే, ఆ క్షణం చేయి ఆపి, రెండు చక్రాల బొమ్మ గీసిన ఓబులేసుని తలుచుకోండి. దండం పెట్టుకునే అలవాటుంటే, ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలని నా తరఫున కూడా ఒక్క మాట అనండి.