బరువు దించిన రాయి

మాస్కులు గడ్డాల కింద వేలాడుతున్న ఆ రోజుల్లో, గల్ఫ్ గడ్డ మీద అందరికంటే తెలివైన బేరం కుదిర్చినవాణ్ని నేనే. అజ్మాన్‌లో బోర్డులు తయారుచేసే దుకాణంలో నా ఉద్యోగం. కొండల్లోని ఒక చిన్న ఊరి నుంచి ముసలి అరబ్బు ఒకాయన వచ్చి, తమ ఊళ్లో ప్రతి చోటుకూ ఉన్న పేరూ, దాని అర్థమూ రాసి బోర్డులు పాతాలన్నారు. మనవలు పట్నంలో పెరుగుతున్నారు, తను పోతే ఏ చోటునేమంటారో చెప్పేవాళ్లుండరట. రాళ్లు తప్ప ఏమీ లేని కొండల్లో ఎన్ని పేర్లుంటాయి? ఆరో, ఏడో! "ఊరంతా కలిపి ఒకే రేటు బాబా, ఖలాస్!" అని చేయి కలిపేశాను. (కిరాణా కొట్టులో పుట్టి పెరిగినవాణ్ని. గుత్త బేరంలో నన్ను మించినవాడు లేడని మా నాన్న కూడా ఒప్పుకునేవాడు.)

పేర్లు రాసుకోవడానికి వెళ్లాక తెలిసింది. వాగు ఒకటే, మలుపు మలుపుకూ ఒక పేరు. మధ్యాహ్నానికి నా లాభం ఆవిరైపోయింది. వెంట వచ్చిన మా ఫిట్టర్ మామ (జగిత్యాల వైపు మనిషి, క్యాంపులో అందరికీ మామే) పడీ పడీ నవ్వాడు. "ఏమాయె అల్లుడా? గుట్టను గుత్త పట్టినవ్ గదా, ఇగ మొయ్యి."

నేను బేరానికి దిగాను. "బాబా, ఈ రెండు మలుపులూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక్క పేరు చాలదా?"

"ఇక్కడ నీళ్లు ఎండాకాలం దాకా నిలుస్తాయి. అక్కడ మేకలు ఆగి వెనక్కి చూస్తాయి. రెండూ ఒకటెలా అవుతాయి బేటా?" అన్నారు బాబా హిందీలో (పాతతరం వాళ్లకు చాలామందికి వస్తుంది). చివరికి ఒక నల్లరాయి దగ్గర ఆగారు. బావి నుంచి నీళ్లు మోసుకొస్తూ వాళ్లమ్మ తలమీది బరువు దించుకునే చోటట. దానికీ ఒక పేరు.

"రాయే కదా బాబా! బావి బోర్డులో కలిపేద్దాం."

బాబా ఏమీ అనలేదు. వెంట తెచ్చిన ఫ్లాస్కులోంచి నా గిన్నెలో ఇంకాస్త గావా (పాలు లేని అరబ్బు కాఫీ) పోశారు. మా కొట్టులో మౌనమంటే బేరం కుదిరినట్టే. ఆ పేరు రాసుకోలేదు.

బోర్డులు పాతిన రోజు మనవరాలు వచ్చి, నల్లరాయి చూపించి తాతను అరబ్బీలో ఏదో అడిగింది. ఆయన మెల్లగా జవాబిచ్చారు. ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్న మామకు ఆ భాష వచ్చు. నన్ను పక్కకు లాగాడు. "ఇన్నవా? 'మీ అమ్మ రాయికి బోర్డేదీ' అంటుంది పిల్ల. 'ఆ పోరనికి నష్టమైతుండె, నేనే ఊకున్న' అంటుండు ముసలాయన. నిన్ను జూసి గరీబోడనుకున్నడురా! సిగ్గు గిట్ట ఉన్నదా?"

"బాబా, ఆ ఒక్కటీ ఊరికే చేసిస్తాను," అన్నాను.

"చేయి కలిపాం కదా బేటా. ఖలాస్," అని నవ్వారు. నా మాటే.

మరుసటి ఏడు, ఎవరూ అడక్కుండానే ఆ రాయి బోర్డు కోసం రేకు కోసుకుని కూర్చున్నాను. అర్థం పొల్లు పోకుండా గుర్తుంది, పేరే గుర్తులేదు. బాబాకు ఫోన్ చేస్తే మనవరాలు ఎత్తింది. బాబా పోయారు. రాయి పేరు అడిగాను.

"పేర్లు రాసుకున్నది మీరే కదా," అంది ఇంగ్లిషులో.

ఆ రేకు మీద ఇప్పుడు మామ రొట్టెలు ఆరబెట్టుకుంటాడు. అది కనబడినప్పుడల్లా ఆనాటి తెలివైన కుర్రాణ్ణి తలచుకుని నవ్వుకుంటాను, తల మాత్రం ఎత్తలేను. నిజాయితీగా లెక్కేస్తే, ఆ బేరంలో నాకు మిగిలింది ఒక ఖాళీ రేకు. ఖర్చయింది, ఒక తల్లి బరువు దించుకున్న చోటు.